దొరసాగరం నూరు శాతం గడ్డకట్టుట

సంచి సర్దడంలో నాకు అనుభవం ఉంది. నలభై ఏళ్ళ కిందట మా ఆయన పారాదీప్ రేవు పనికి వెళ్ళినప్పుడు సర్దాను. ఆయన్ని వెతకడానికి మా మామగారు వెళ్ళినప్పుడు మళ్ళీ సర్దాను. ఇద్దరూ మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. ఇద్దరికీ ఏదో ఒకటి పెట్టడం మరిచిపోయానన్న అనుమానం నాకు ఇప్పటికీ ఉంది. అందుకే మా తమ్ముడు తవిటయ్య మంచు పందేనికి బయలుదేరిన రోజు పొద్దున్నే సర్క్యులరు ముందు పెట్టుకొని, అనుబంధం మూడు ప్రకారం ఒక్కొక్కటే సంచిలో పెట్టాను.

ఉన్ని టోపీ, ఒకటి. ఉన్ని మేజోళ్ళు, మూడు జతలు. ఉన్ని చేతితొడుగులు మా ఊళ్ళో దొరకలేదు కాబట్టి మేజోళ్ళు ఇంకో జత. చలికి పెదవులు పగలకుండా లేపనం, అంటే సీసాలో ఆముదం. మంచు మీద ఎండ పడి కళ్ళు చెదరకుండా నల్ల కళ్ళద్దాలు. ఇవి ఎదురింటివాళ్ళ తాతకు కంటి ఆపరేషను చేసినప్పుడు ఇచ్చినవి. ఇక జాబితాలో లేనివి: గంజన్నం, ఉల్లిపాయ, ఉల్లిపాయ కోసుకోవడానికి చిన్న కత్తి, చుట్టలు, రెండు బారల నులకతాడు.

"ఏటప్పా, సెరువు దాటి గెడ్డవలస ఎల్తన్నానా, కాశీకి ఎల్తన్నానా?" అన్నాడు తవిటయ్య. "ఈ తాడెందుకు?"

"ఆ చెక్కలకి ఆళ్ళిచ్చిన తోలుపట్టీలు సన్నంగా ఉన్నాయిరా. ఊడిపోతాయి. ఊడిపోతే పడతావు."

"పడితే ఈదుకుంటా ఒచ్చెస్తాను."

"ఈదడం నిషేధం. నాలుగో పేజీ సూడు."

మా తమ్ముడికి చదువు రాదు. నాకూ బళ్ళో చదువు లేదు. ముప్పై ఏళ్ళు మండలాఫీసులో కుండలకు నీళ్ళు పోశాను. పొయ్యి ముట్టించుకోమని పాత సర్క్యులర్లు ఇచ్చేవారు. ముట్టించే ముందు చదవడం అలవాటైంది. ఆఫీసులో ఏ సర్క్యులరునైనా చివరిదాకా చదివే మనిషిని నేనొక్కదాన్నే అని తరవాత తెలిసింది.

ఈ సర్క్యులరు నవంబరులో వచ్చింది. ఆ సంవత్సరాన్ని శీతాకాల క్రీడా చైతన్య సంవత్సరంగా ప్రకటించారు. వంద ఎకరాలకు మించిన చెరువున్న ప్రతి మండలమూ, ఆ చెరువు గడ్డకట్టిన పిమ్మట దానిపై స్కీయింగు పందెం నిర్వహించవలెను. కాళ్ళకు పొడుగాటి చెక్కలు కట్టుకొని, రెండు చేతులా రెండు కర్రలతో పొడుచుకుంటూ, మంచు మీద జారుతూ పోవడాన్ని స్కీయింగు అంటారు. మా దొరసాగరం ఆరు వందల ఎకరాలు. ఈ ఒడ్డున మా ఊరు, ఆ ఒడ్డున గెడ్డవలస. మధ్యలో మా తమ్ముడి పడవ.

సర్క్యులరుతో పాటు నింపి పంపవలసిన నమూనా పత్రం ఒకటి వచ్చింది. అందులో 'జలాశయ స్థితి' అన్న చోట రెండు గళ్ళు ఉన్నాయి. ఒకటి, గడ్డకట్టినది. రెండు, గడ్డకట్టుచున్నది.

మండలాధికారి పాణిగ్రాహి గారు ఆ పత్రాన్ని చాలాసేపు చూశారు. ఆయన చెడ్డవాడు కాదు. నా కళ్ళజోడు ఆయన చేయించిందే. చెరువు ఇంజనీరు వైకుంఠరావును పిలిపించారు.

"సార్, మన చెరువు పుట్టి బుద్ధెరిగి గడ్డకట్టలేదు," అన్నాడు వైకుంఠరావు.

"గత చరిత్ర అడగలేదు. ప్రస్తుత స్థితి అడిగారు."

"ప్రస్తుతం కూడా గేదెలు పడుకొని ఉన్నాయి సార్ అందులో."

"వైకుంఠరావు గారూ, ప్రభుత్వం వారు రెండు గళ్ళు ఇచ్చారంటే రెండు అవకాశాలే ఉన్నాయని భావము. మూడో అవకాశం ఉంటే మూడో గడి ఉండేది."

నేను గ్లాసు బల్ల మీద పెడుతూ, "బాబూ, కట్టలేదని పక్కన రాసెస్తే పోదా?" అన్నాను.

"గడి బయట రాసింది పైవారికి చేరదు, వరహాలమ్మా. పైవారికి చేరనిది జరగనట్టే."

రెంటిలో అబద్ధం తక్కువ ఉన్న గడి ఏదని ఇద్దరూ ఆలోచించారు. 'గడ్డకట్టుచున్నది' అని టిక్కు పెట్టారు. ఎంత శాతం అన్న చోట, మరీ ఆశపెట్టకుండా, అయిదు అని వేశారు.

ఆ అయిదుతో వచ్చింది చిక్కు. పురోగతిని ప్రతి సోమవారం తెలుపవలెననీ, గత వారం కన్న తక్కువ చూపరాదనీ రెండో పేజీలో ఉంది. నేను చెప్పాను. అప్పటికే పత్రం వెళ్ళిపోయింది.

రెండో వారం పన్నెండు శాతం. మూడో వారం వైకుంఠరావు చెరువుకు వెళ్ళి నీళ్ళలో థర్మామీటరు పెట్టి, ఇరవయ్యారు డిగ్రీలు అని చీటీ మీద రాసుకొచ్చాడు. చీటీ మీద అంకె ఉంది కదా అని గుమాస్తా దాన్నే శాతంగా పంపేశాడు. అంతలో పక్క మండలంలో చెరువే లేకపోయినా, నీళ్ళు నిలిచిన రాళ్ళక్వారీ ఒకటి అరవై శాతం గడ్డకట్టిందని తెలిసింది. మాకు మెమో వచ్చింది: 'మీ జలాశయం గడ్డకట్టుటలో తీవ్ర అలసత్వం వహించుచున్నది. బాధ్యులను గుర్తించి వివరణ పంపవలెను.'

చెరువు తరఫున వివరణ ఇవ్వాలంటే వైకుంఠరావే ఇవ్వాలి. అతనికి ఇద్దరు పసిపిల్లలు. మరుసటి సోమవారం డెబ్బై అయింది. ఆ పై వారం తొంభై. జనవరి అయిదో తేదీ మధ్యాహ్నం, నేను కుండ మీద తడిగుడ్డ చుడుతున్న సమయంలో, దొరసాగరం నూరు శాతం గడ్డకట్టింది.

అభినందన పత్రం ఒకటి, నిషేధాల జాబితా ఒకటి ఒకే కవరులో వచ్చాయి. గడ్డకట్టిన చెరువులో వల వేయరాదు. బట్టలు ఉతకరాదు. ఈదరాదు. పశువులను దింపరాదు. 'మంచు పలుచగా ఉన్నచోట జాగ్రత్త' అన్న బోర్డులు నాలుగు, మొలలోతు నీళ్ళలో దిగి పాతారు. వాటికి గేదెలు వీపు రుద్దుకున్నాయి. ఆ గేదెలను పట్టి రెండు రోజులు ఆఫీసు వెనక కట్టేశారు. చివరి నిషేధం పడవ. తవిటయ్య పడవను ఎద్దులబండి మీద తెచ్చి ఆఫీసు ముందర జెండా దిమ్మకు గొలుసు వేసి తాళం పెట్టారు. తాళంచెవికి ముగ్గురు సంతకాలు చేస్తే గాని కదలని ఒక కమిటీని వేశారు.

తవిటయ్య తన గెడ భుజాన వేసుకొని ఆఫీసుకొచ్చాడు. పడవ నడిపే పొడుగాటి వెదురు అది, పద్దెనిమిది అడుగులు. గుమ్మంలో పట్టక బయటే నిలబెట్టాడు.

"బాబూ, పడవ నేకపోతే గెడ్డవలసోళ్ళు ఎలగొస్తారు?"

"నడిచి వస్తారు," అన్నారు పాణిగ్రాహి గారు.

"నీళ్ళ మీదేటి?"

"మంచు మీద."

"అయితే బాబూ, ముందు మీరొక్కపాలి నడిసి సూపించండి. మిమ్మల్ని సూసి ఆళ్ళు నేర్సుకుంటారు."

వైకుంఠరావుకు దగ్గు వచ్చింది. పాణిగ్రాహి గారు గంభీరంగా, "నేను నిర్వహణాధికారిని. నడవవలసినది లబ్ధిదారులు," అన్నారు. ఆ తరవాత గొంతు తగ్గించి అసలు మాట చెప్పారు. "తవిటయ్యా, గడ్డకట్టిన చెరువుకు పడవవాడు మిగులు సిబ్బంది కిందికి వస్తాడు. నీ పేరు తొలగించమని వచ్చింది."

తవిటయ్యది ముప్పై ఒక్క ఏళ్ళుగా తాత్కాలిక ఉద్యోగం. పర్మనెంటు చేయమని ప్రతి సంవత్సరం అర్జీ పెట్టేవాడు. నేనే రాసేదాన్ని. ఇంక రెండేళ్ళే ఉంది. పర్మనెంటు అయితే పింఛను వస్తుంది. లేకపోతే అరవయ్యో ఏట, పడవ దిగిన వాణ్ణి దిగినట్టే ఇంటికి పంపేస్తారు. అతనికి భార్య పోయింది, పిల్లలు లేరు. నాకు అతనూ, అతనికి నేనూ.

"ఒక మార్గం ఉంది," అన్నారు పాణిగ్రాహి గారు. "నిబంధన పదకొండు. పందెం పూర్తిచేసిన తాత్కాలిక సిబ్బందిని క్రమబద్ధీకరించవచ్చును. 'కర్ర సాయంతో ముందుకు సాగుటలో పూర్వానుభవం గలవారికి ప్రాధాన్యము' అని కూడా ఉంది. అది నీ కోసమే రాసినట్టుంది."

పన్నెండుమంది పోటీదారులు కావాలి. మిగతా పదకొండుగురూ ఆ చుట్టుపట్ల కాపలాదార్లూ స్వీపర్లే. అందరూ తాత్కాలికులే.

ఇంటికొచ్చి నేను ఏడిస్తే తవిటయ్య నవ్వాడు. "పిచ్చప్పా, సెరువు నాకు తెల్దేటి? నడిమధ్యన పాతగట్టు ములిగి ఉంది కదా. దాని మీద మోకాల్లోతే. గెడతో తడువుకుంటా ఆ గట్టమ్మట నడిసెస్తాను. సూసినోళ్ళకి మంచు మీద నడిసినట్టే ఉంటాది. ఆళ్ళకీ అదే కదేటి కావాల."

"గెడ ఒదలకు."

"గెడ ఒదిల్తే నాను తవిటయ్యనేటి?"

చెక్కల కోసం బడి బెంచీలు కోయించారు. తవిటయ్య ఎడమకాలి చెక్క మీద ఎవరో పిల్లాడు మేకుతో పదమూడో ఎక్కం చెక్కి, పదమూడేళ్ళు తొంభై ఒకటి దగ్గర ఆగిపోయాడు. శిక్షణ రైసుమిల్లు వెనక ఊకగుట్ట మీద జరిగింది. మావాళ్ళు పన్నెండుగురూ మోకాళ్ళలోతు ఊకలో తుమ్ముతూ వారం రోజులు స్కీయింగు నేర్చుకున్నారు.

పందెం జనవరి పద్దెనిమిది, ఆదివారం. రాజధాని నుంచి డైరెక్టరు గారు వస్తారన్నారు. ఆయన కళ్ళకు కొంత మంచు కనబడకపోతే బాగుండదని ఒడ్డు నుంచి అరవై గజాల దూరం వెదురు తెప్పలు పరిచి, వాటి మీద రేవు నుంచి తెచ్చిన చేపల ఐసు దిమ్మలు పేర్చారు. మూడు లారీల ఐసు. కరగకుండా కప్పిన ఊక కడిగేసరికి తెల్లగా మెరిసింది. పది నిమిషాల్లో గద్దలు వచ్చాయి. తరవాత కొంగలు. తరవాత ఊళ్ళో పిల్లులన్నీ వరసగా వచ్చి మంచును నాకడం మొదలుపెట్టాయి.

డైరెక్టరు గారు ఉన్ని కోటు వేసుకొని వేదిక మీద కూచున్నారు. రెండు పక్కలా రెండు ఫ్యాన్లు.

"ఈ మంచుకు ఏదో వాసన ఉందే?" అన్నారు.

"స్థానిక మంచు, సార్," అన్నారు పాణిగ్రాహి గారు.

"విదేశాల్లో ఉండదు."

"అందుకే సార్, మనది మనం ప్రోత్సహించుకోవాలి."

ఆ మాట డైరెక్టరు గారికి నచ్చింది. తల ఊపారు. ఊపినప్పుడు ఎండ ఆయన కళ్ళలో పడింది. వేదిక జరపడం కుదరదు కనక తెప్పలను తాళ్ళతో లాగి, పందెం మొదలయ్యే చోటును రెండు వందల గజాలు ఎడమకు మార్చారు.

తవిటయ్య అది చూసి పరిగెత్తాడు. "బాబూ! అక్కడ బాగా లోతు. పాతగట్టు ఇటేపుంది!"

"లోతు నీళ్ళకు ఉంటుంది, తవిటయ్యా," అన్నారు పాణిగ్రాహి గారు, డైరెక్టరు గారికి వినబడకుండా. "మంచుకు మందమే ఉంటుంది. వెళ్ళి వరసలో నిలబడు."

అప్పుడే ఒక పరిశీలకుడు టేపు పట్టుకొని వచ్చాడు. నిబంధన ప్రకారం పోటీదారుని చేతికర్ర నాలుగున్నర అడుగులు మించరాదు. గెడ లాక్కొని రెండు పొట్టి కర్రలు చేతిలో పెట్టాడు. గెడ వృథా పోకూడదని దానికి క్రీడా చైతన్య పతాకం కట్టి వేదిక పక్కన పాతారు.

నేను తాడు పట్టుకొని ఐసు మీదికి వెళ్ళాను. చెక్కలు కట్టడానికి రక్తసంబంధీకులను అనుమతించవచ్చునని అయిదో పేజీలో ఉంది.

"ఒద్దురా తమ్మీ. పింఛనూ ఒద్దు, ఏటీ ఒద్దు. ఇంటికి పోదాం."

"ముప్పయ్యొక్క ఏళ్ళప్పా." అతను చెరువు వైపు చూస్తున్నాడు. "తెప్ప సివర్న దిగి కుడిసేతేపు ఈదుతాను. వంద బారలు ఈదితే గట్టు తగుల్తాది. అక్కడ నిలబడితే మరి బయం నేదు. కట్టు, గట్టిగా కట్టు. మజ్జిలో ఊడితే పోటీ నుంచి తీసెస్తారంట."

కట్టాను. ఒక్కో కాలికి రెండేసి ముళ్ళు వేశాను. పాత పడవ తాడుకు వేసే ముడి, చిన్నప్పుడు మా అయ్య ఇద్దరికీ నేర్పింది.

"గట్టిగుందేటి?" అన్నాను.

"ఇది ఈ జన్మకి ఊడదు," అని నవ్వాడు.

పోటీదారుల వెంట సామాను ఉండరాదు. సంచి నా దగ్గరే ఉండిపోయింది. కత్తి సంచిలో ఉంది.

పది గంటల ఇరవై నిమిషాలకు డైరెక్టరు గారు జెండా ఊపారు. పన్నెండుమంది బయలుదేరారు. ఐసు మీద ఇద్దరు పడ్డారు, ఒకడు పిల్లిని తొక్కాడు, జనం చప్పట్లు కొట్టారు. తెప్ప చివరికి చేరాక పదకొండుగురు ఆగారు. ఎదురుగా ఉన్న నీళ్ళను చూశారు. కాలు బెణికిందని ఒకడన్నాడు. మిగతా పదిమందికీ వెంటనే బెణికింది.

తవిటయ్య ఆగలేదు. తెప్ప దిగి కుడివైపు తిరిగాడు. నడుము దాకా నీళ్ళు వచ్చాయి. ఛాతీ దాకా వచ్చాయి. పొట్టికర్ర ఒకటి నీళ్ళలోకి నిలువునా దింపి చూశాడు. దానికి అడుగు తగలలేదు. ఆ మనిషి ఆ చెరువులో దేనికీ తడుముకోవడం నేను అదే మొదటిసారి చూశాను. కాళ్ళకు నాలుగేసి అడుగుల చెక్కలతో ఈదడం ఎవరికీ రాదు. ఉన్ని టోపీ కాసేపు కనబడింది.

"ఏడో నెంబరు పోటీదారు శరవేగంతో ముందుకు దూసుకుపోతున్నారు!" అని మైకు అంది.

నేను అరిచాను. వలలవాళ్ళు ఇద్దరు లుంగీలు ఎగ్గట్టి పరిగెత్తుకొచ్చారు. కానిస్టేబులు లాఠీ అడ్డం పెట్టి, "గడ్డకట్టిన సెరువులో దూకితే బుర్రలు పగుల్తాయిరా!" అన్నాడు. వాళ్ళు అతన్ని తోసేసి దూకారు. తూడు తగిలింది, నాచు తగిలింది, మనిషి తగల్లేదు. పడవ కావాలన్నారు. తాళంచెవి కమిటీలో ఒకరు సెలవులో ఉన్నారు. చివరికి వైకుంఠరావు రాయి తీసుకొని తాళం పగలగొట్టాడు. కొడుతూ ఏడుస్తున్నాడు. పడవ నీళ్ళకు చేరేసరికి పదకొండు దాటింది. ప్రభుత్వ తాళం ధ్వంసం చేసినందుకు అతని మీద విచారణ ఇప్పటికీ నడుస్తోంది.

సాయంత్రం పాణిగ్రాహి గారు నన్ను కుర్చీలో కూచోబెట్టారు. ఆ ఆఫీసులో నేను కుర్చీలో కూచోవడం అదే మొదలు.

"మునిగిపోయాడని నేను రాయలేను, వరహాలమ్మా. నూరు శాతం గడ్డకట్టిన చెరువులో మునగడానికి వీలులేదు. అలా రాస్తే నవంబరు నుంచి పంపినవన్నీ తిరగరాయాలి."

"మరేటి రాస్తారు బాబూ?"

ఆయన కాగితం నా వైపు తిప్పారు. ఏడో నెంబరుకు ఎదురుగా 'పోటీలో కొనసాగుచున్నాడు' అని ఉంది.

బుధవారం ఉదయం పది గంటలకు, గాలి అటు వీచినందువల్ల, తవిటయ్య గెడ్డవలస ఒడ్డుకు చేరాడు. అరటిబోదెలతో కట్టిన గమ్యద్వారం అక్కడ ఇంకా నిలిచే ఉంది. దానికి నాలుగు గజాల ఇవతల ఆగాడు. మోసేవాళ్ళు అతన్ని ఆ ద్వారం కిందుగానే తీసుకొచ్చారు, దారి అదే కాబట్టి. పందెం కాలం డెబ్బై ఒక్క గంటల నలభై నిమిషాలని పరిశీలకుడు రాసుకున్నాడు. పూర్తిచేసినవాడు ఇంకెవరూ లేరు కనక ప్రథమ స్థానం. చెక్కలు కాళ్ళకే ఉన్నాయి. నా ముళ్ళు ఒక్కటీ సడల్లేదు. సంచిలోంచి ఉల్లిపాయ కత్తి తీసి కోశాను.

నిబంధన పదకొండు నిజంగానే పనిచేసింది. మార్చి మొదటివారంలో ఉత్తర్వు వచ్చింది. 'శ్రీ తవిటయ్యను పందెం పూర్తిచేసిన తేదీ నుంచి శాశ్వత సిబ్బందిగా క్రమబద్ధీకరించడమైనది. పదిహేను రోజులలో విధులలో చేరవలెను.' ముప్పై ఒక్క అర్జీలకు అదే మొదటి జవాబు. మూడుసార్లు చదివాను. తప్పులు లేవు.

దానికి ఒక నమూనా పత్రం జతచేశారు. రెండు గళ్ళు. ఒకటి, విధులలో చేరినాడు. రెండు, చేరుచున్నాడు.

పాణిగ్రాహి గారు ఆ పత్రం పట్టుకొని మా ఇంటికే వచ్చారు. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చారు. "వరహాలమ్మా, నా మాట విను. రెండో గడిలో టిక్కు పెట్టు. 'చేరుచున్నాడు.' రెండేళ్ళు అలా చేరుచుండనీ. తరవాత పదవీ విరమణ చేయిస్తాను. పింఛను నీకు వచ్చేలా చూసే పూచీ నాది. ఇంతకన్న నేను చేయగలిగింది లేదమ్మా." ఆయన కళ్ళలో నీళ్ళు ఉన్నాయి.

ఆయన చెప్పింది బాగానే ఉంది. రెండేళ్ళ పాటు ప్రతి నెలా ఒక కాగితం మా తమ్ముడు వస్తున్నాడని చెబుతుంది. అలాంటి కాగితం మా ఆయన విషయంలో ఎవరైనా ఇచ్చి ఉంటే నేను తీసుకొని ఉండేదాన్ని. మజ్జిగ ఇచ్చాను. ఆయన తాగి, కలం నా చేతిలో పెట్టారు.

నేను పత్రం మీద బియ్యం చేట బోర్లించి, దాని అంచు వెంబడి, రెండు గళ్ళ పక్కన ఒక గీత గీశాను. కింద ఒకటి, పైన ఒకటి, కుడిపక్క ఒకటి. మూడో గడి అయింది. పాణిగ్రాహి గారు ఆ గడిని, జీవితంలో ఎన్నడూ అలాంటిది చూడనట్టు చూశారు.

అందులో ఇలా రాశాను: దొరసాగరం పడవ తవిటయ్య, వయస్సు యాభై ఎనిమిది, జనవరి పద్దెనిమిదో తేదీ ఆదివారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు నీళ్ళలోకి వెళ్ళాడు. తిరిగి రాలేదు.